కోటేశ్వరమ్మ గారి నాలుగు నిమిషాలు

ముబీన్‌లో మెచ్చుకోదగ్గ గుణం ఒకటుంది. మౌసు ముట్టడు. ఊళ్లో ఇంకెవరూ ఈ సంగతి గుర్తించకపోవడంతో పాపం తనే చెప్పుకుంటాడు. సత్తెనపల్లి మొత్తమ్మీద నల్ల తెర మీద తెల్లక్షరాలు కొట్టి పెళ్లి క్యాసెట్లను సీడీలుగా మార్చేవాడు తనొక్కడేనని, మిగతావాళ్లంతా బొమ్మల మీద నొక్కి పొద్దుపుచ్చేవాళ్లని అతని అభిప్రాయం. ఈ కథ కూడా అతను చెప్పగా విన్నదే. కాబట్టి ఇందులో అతను తెలివితక్కువగా కనిపించే చోట్లన్నీ తను ఒప్పుకున్నవే అనుకోవాలి.

రెండువేల ఆరులో అతను కొట్టు పెట్టింది నరసరావుపేట రోడ్డులో, మూతబడ్డ జిన్నింగు మిల్లు పక్క మేడలో. కింది గది అతనిది. పైగది గురునాథం గారి పాత వీడియో స్టూడియో. ఆయన భార్య కోటేశ్వరమ్మ గారు పోయిన దగ్గర్నుంచి, అంటే నాలుగేళ్లుగా, దానికి తాళమే.

ఆ మేడకి మంచిపేరు లేదు.

రాత్రి రెండో ఆట వదిలాక ఆ రోడ్డున వచ్చేవాళ్లు మిల్లు గోడ రాగానే అవతలి పక్కకి దాటేవాళ్లు. పైగదిలోంచి ఆడగొంతు వినపడుతుందని. ఏడుపు కాదు, నవ్వు కాదు... మామూలుగా, ఇంట్లో మనిషిని పిలిచినట్టు — "ఇక చాలు... రండి" అంటుందని.

పత్తి లారీ డ్రైవరొకడు ఆ పిలుపు విని, బండి అక్కడే వదిలి, పోలీస్ స్టేషన్ దాకా పరిగెత్తాడట.

"ఒరేయ్ ముబీనూ," అన్నాడు ఎదురుగా టీ బండి పెట్టే గౌస్ బాషా, "ఇంకెక్కడా గది దొరకలేదేంట్రా నీకు?"

"దెయ్యమైతే మంచిదే. రాత్రుళ్లు తోడుంటుంది."

"అది 'రండి' అంటుందిరా. మర్యాదగా పిలిచే దెయ్యాలే ప్రమాదం."

రాత్రుళ్లు పని చెయ్యకపోతే ముబీన్‌కి గడవదు. పగలు కరెంటుకి నమ్మకం లేదు. క్యాసెట్ మూడు గంటలుంటే కంప్యూటర్లోకి ఎక్కడానికి అదీ మూడు గంటలు తిరగాలి. మధ్యలో కరెంటు పోయిందా, మళ్లీ మొదటికి.

కొట్టు తెరిచిన పదోరోజు రాత్రి... ఒంటిగంట దాటింది. ఫ్యాను చప్పుడు, వీసీఆర్ చప్పుడు. అంతే.

పైన కుర్చీ జరిగింది.

ముబీన్ చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

తర్వాత గొంతు. సన్నగా, కాస్త బొంగురుగా, నీళ్లలోంచి వచ్చినట్టు —

"ఏమండీ... ఎర్ర లైటు వెలిగింది. నేను పడుతున్నానా?"

ముబీన్ లేచాడు. ధైర్యంతో కాదు. పరిగెత్తి బయటపడాలంటే పైగదికి వెళ్లే మెట్ల పక్కనుంచే పోవాలి, మెట్ల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పైకెక్కడం మొదలుపెట్టాయి. వాటిని తను అడగలేదంటాడు.

తలుపు ఓరగా ఉంది. లోపల నీలం వెలుగు.

చిన్న టీవీ. దాని ముందు మడతకుర్చీలో గురునాథం గారు. తెర మీద డాబా, డాబా నిండా ఎండబోసిన మిరపకాయలు, మధ్యలో మసకమసకగా ఒకావిడ.

"నన్నెందుకండీ, ఆ కాయల్ని తియ్యండి," అంటోంది ఆవిడ. "మబ్బేసింది... తడుస్తాయి. ఇక చాలు... రండి."

తెర నిండా తెల్లచుక్కలు.

"కూర్చోరా," అన్నాడు గురునాథం గారు వెనక్కి తిరక్కుండానే. "పగలొచ్చి చూస్తే జనం నవ్వుతారు. అందుకే వెనకమెట్ల నుంచి ఇలా దొంగలా..."

ఇరవై ఏళ్లపాటు ఊళ్లో అందరి పెళ్లిళ్లూ తీశాడాయన. భార్యని మాత్రం ఎప్పుడూ తీయలేదు. కొత్త కెమెరా కొన్న రోజున పని చేస్తోందో లేదో చూడటానికి డాబా మీద నాలుగు నిమిషాలు తిప్పాడు. ఫోకస్ కుదర్లేదు. మళ్లీ ఎప్పుడైనా బాగా తీద్దాం లెమ్మనుకున్నాడు.

"బూజు పట్టింది ముబీనూ. వేసిన ప్రతిసారీ కాస్త చెరిగిపోతోంది. వెయ్యకుండా ఉండలేను." ఆయన గొంతు తగ్గించాడు. "నీ కంప్యూటర్లో పెడితే... పోదంటగా?"

"పోనే పోదు మాస్టారూ."

ఆ మాట అన్న పద్ధతి తల్చుకుంటే ముబీన్‌కి ఇప్పటికీ తల కొట్టుకోబుద్ధవుతుంది. కాలు మీద కాలు వేసుకుని అన్నాట్ట.

మర్నాడు తెల్లవారుజామున క్యాసెట్ ఎక్కించాడు. కమాండ్ కొట్టాడు. నల్ల తెర మీద అంకెలు పరిగెత్తాయి. నాలుగు నిమిషాలు నిండీ నిండగానే వీసీఆర్ గట్టిగా మూలిగింది — టేపు లోపల చుట్టుకుపోయింది. బ్లేడు పెట్టి ముక్కలు ముక్కలుగా కోసి తీయాల్సొచ్చింది.

పొద్దున్నే ఆ ముక్కలు చూసి గురునాథం గారి మొహం పాలిపోయింది.

"కంగారు పడకండి. మొత్తం లోపలికి వచ్చేసింది. మసకంతా తుడిచి, గొంతు సరిచేసి, కొత్త సీడీలో ఇస్తా. వారం ఆగండి."

"నిజంగా ఉందా?"

"ఉంది మాస్టారూ!"

అప్పటికి ఉంది కూడా.

ఇక్కడ ముబీన్ అలవాటొకటి చెప్పాలి. ఫలానా పేరుతో ఫైలు ముందే ఉంటే ఆ ప్రోగ్రామ్ ఆగి అడుగుతుంది: దాన్ని చెరిపి దానిమీదే రాయమంటావా అని. పనివాణ్ని పట్టుకుని ప్రశ్నలేంటని ముబీన్‌కి చిరాకు. అందుకని ప్రతి కమాండ్‌లోనూ మైనస్ వై అని ముందే తగిలిస్తాడు. అడగకముందే 'అవును' అని చెప్పడమన్నమాట. ఇంకోటి, కమాండ్ ప్రతిసారీ కొత్తగా కొట్టడు. పైబాణం నొక్కితే పాతది తిరిగొస్తుంది, అందులో ఫైలు పేరు మార్చి ఎంటర్ కొడతాడు.

ఆ రాత్రి ఒక ఓణీల ఫంక్షన్ క్యాసెట్ పెట్టాడు. పైబాణం నొక్కాడు. ఎంటర్ కొట్టాడు.

పేరు మార్చలేదు.

రెండ్రోజుల తర్వాత కోటేశ్వరమ్మ గారి ఫైలు తెరిస్తే, పట్టు ఓణీ వేసుకున్న పిల్లొకతె స్టేజీ మీద ఐస్‌క్రీమ్ తింటోంది. ముందుకి జరిపాడు. ఐస్‌క్రీమ్. వెనక్కి జరిపాడు. భోజనాల బంతి.

పోయిన ఫైళ్లని వెతికే ప్రోగ్రాములు గుంటూరు నుంచి తెచ్చి రెండు రాత్రులు తిప్పాడు. దొరకలేదు. ఆవిడ ఉన్నచోటే ఆ ఓణీల పిల్ల కూర్చుంది. ఇంకో కాపీ తీసుకుని ఉండాల్సింది. తీసుకోలేదు.

"ఎంతవరకు వచ్చిందిరా?" అని గురునాథం గారు రోజూ పొద్దున్నే అడుగుతాడు.

"ఇంకాస్త, మాస్టారూ."

పైగది నిశ్శబ్దమైపోయింది. వారం గడిచింది. గౌస్ బాషా కూడా గమనించాడు. "దెయ్యం ఖాళీ చేసిందేంట్రా? నిన్ను చూసి భయపడిందా?" అని నవ్వాడు. ముబీన్ నవ్వలేకపోయాడు.

టేపు చుట్టుకుపోయిన తొమ్మిదో రాత్రి. మిల్లు రేకులు గాలికి టకటకమంటున్నాయి. వాన వచ్చేట్టుంది.

పైన... కుర్చీ జరిగింది.

"ఏమండీ..."

అదే మాట. అదే విరుపు.

"...ఎర్ర లైటు వెలిగింది. నేను పడుతున్నానా?"

క్యాసెట్ లేదు. దాని ముక్కలు తన టేబుల్ సొరుగులోనే ఉన్నాయి. ఫైలు లేదు. ఆ గొంతు ఈ లోకంలో ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిసినవాడు ఊరు మొత్తానికి తనొక్కడే. అందరూ దెయ్యమని భయపడ్డ రోజుల్లో వేళాకోళమాడినవాడికి, ఇప్పుడు ఒక్కడికే చెమటలు పట్టాయి.

"మబ్బేసింది... తడుస్తాయి..."

మెట్లెక్కాడు. ఈసారి నీలం వెలుగు లేదు. చీకటి. టీవీ కట్టేసి ఉంది.

"ఇక చాలు..." అంది గొంతు, చీకట్లోంచి, చేతికందేంత దగ్గరగా. "రండి."

ముబీన్ గోడ తడిమి స్విచ్ వేశాడు.

ఆరిపోయిన టీవీ ముందు గురునాథం గారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. కళ్లు మూసుకుని, మెడ కాస్త వంచి, పెదాలు సన్నగా చేసి... భార్య గొంతుతో మాట్లాడుతున్నాడు.

లైటుకి కళ్లు తెరిచి సిగ్గుపడ్డాడు.

"నువ్వా... భయపెట్టానేంట్రా?"

"ఏంటిది మాస్టారూ?"

"నువ్విచ్చేదాకా మర్చిపోకూడదు కదరా. రోజుకోసారి లోపల అనుకునేవాణ్ని. ఇవాళ అది ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటుందో తట్టలేదు. పైకి అంటే వస్తుందేమోనని..." ఆయన తడబడ్డాడు. "మాటలన్నీ వచ్చాయి. ఒక్కటే గుర్తు రావట్లేదు. 'రండి' అన్నప్పుడు మబ్బు వంక చూసిందా... నా వంక చూసిందా? ఆఖర్న చూసినవాడివి నువ్వే. చెప్పు."

ముబీన్ చూడలేదు. ఆ మొదటి రాత్రి తలుపు దగ్గర తెర వంక ఒక్కసారి చూసి, ఆ తర్వాత భయంతో ఆయన వీపునే చూశాడు. క్యాసెట్ ఎక్కించిన నాలుగు నిమిషాలూ టీ తాగుతూ అంకెలు చూశాడు. బొమ్మ తెరిచిపెట్టుకుని చూస్తూ కూర్చోవడం చేతకానివాళ్ల పని అనుకునేవాడు.

"చెప్పరా."

"మీ వంకే, మాస్టారూ."

"నా వంకేనా?"

"మీ వంకే."

గురునాథం గారు చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయాడు. తర్వాత నెమ్మదిగా, "లైటు తీసేసి పోరా," అన్నాడు.

ముబీన్ తీసేశాడు. సగం మెట్లు దిగేసరికి వెనక చీకట్లో ఆ గొంతు మళ్లీ మొదలైంది. ఈసారి "రండి" దగ్గర, ఎవరినో చూస్తున్నట్టు, కాస్త మెత్తబడింది.

ఇది జరిగి ఏడాదిన్నర. గురునాథం గారు ఇప్పటికీ పొద్దున్నే వచ్చి ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. నల్ల తెర మీద ముబీన్‌కి రాని పని ఇప్పుడు దాదాపు లేదు, ఇదీ అతను చెప్పుకునేదే. ఆ మనిషి ఎదురుగా నిలబడి "పోయింది మాస్టారూ, నేనే పోగొట్టాను" అనడం మాత్రం అతనికి ఇంకా రాలేదు.