లండన్ నుంచి వచ్చిన గీతాంజలి

ఏజెంట్ సురేశ్‌ని కుందలహళ్ళి సిగ్నల్ దగ్గర, పట్టపగలు, బైకు మీదే చంపేశారు. మణికట్టు మీద సూది గుచ్చిన మచ్చ. అంతే.

"లీక్ మన లోపలే ఉండాదప్పా," అన్నాడు చీఫ్ బైరప్ప, ఏజెంట్ లలిత్ కళ్ళలోకి చూస్తూ. "సురేశ్ రూటు తెలిసింది నాకు, నీకు, గీతాంజలికి. ఈ పొద్దు మన మిస్సైల్ సైంటిస్టు డాక్టర్ పుష్పావతిని లండన్ ఫ్లైట్ ఎక్కించల్ల. ఆమెకేమన్నా అయితే మిస్సైల్ ప్రాజెక్టు పోయినట్లే."

కవర్ స్టోరీ ప్రకారం లలిత్, పుష్పావతి లండన్ సదస్సుకు వెళ్తున్న చరిత్ర ప్రొఫెసర్లు. ఆ వేషం కోసం లలిత్ కొన్నాళ్ళుగా ఆధునిక బ్రిటిష్ రాజకీయ చరిత్ర బట్టీ పడుతున్నాడు. గని కార్మికుల సమ్మె, బ్రెగ్జిట్, ఊపిరి తీసుకునేలోపే మారిపోయే ప్రధానులు! పరీక్ష పెట్టేది శత్రువు కనక ఫెయిలైతే సప్లిమెంటరీ ఉండదు.

గీతాంజలి బ్రిటిష్ మిత్ర ఏజెన్సీ పంపిన మనిషి. పదేళ్ళు లండన్ పార్లమెంటులో ఒక ఎంపీ దగ్గర పనిచేశానంటుంది. సిల్కు చీర, నల్ల కళ్ళజోడు, ఎవరినైనా పడగొట్టే నవ్వు. లలిత్ ఎప్పుడో పడిపోయాడు. ద్రోహి ఆమె కాకూడదని పొద్దుట్నుంచీ మనసులో మొక్కుకుంటున్నాడు. మరి చీఫా? అదీ నమ్మబుద్ధి కాలేదు.

ఎయిర్‌పోర్టు రోడ్డు. లలిత్ డ్రైవ్ చేస్తున్నాడు. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరూ.

"ఈ వాచీలో ట్రాకర్ ఉంది మేడం, పెట్టుకోండి," అంది గీతాంజలి. పుష్పావతి వాచీని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "అరే, టెన్షన్ ఎందుకు? బ్రెగ్జిట్ డీల్ ఓటింగ్ రోజు మా ఎంపీకీ ఇంతే. గ్యాలరీలోంచి చూశాగా, సీట్లో కూర్చుని రెడ్ బటన్ నొక్కడానికి ఎంత తంటాలు పడ్డాడో!"

లలిత్ నవ్వబోయి ఆగిపోయాడు.

లండన్ కామన్స్ సభలో బటన్లు లేవు. ఎంపీలు సీట్లోంచి లేచి, అవుననేవాళ్ళు ఒక లాబీ గుండా, కాదనేవాళ్ళు ఇంకో లాబీ గుండా నడవాలి. సీట్లో బటన్ నొక్కేది మన ఢిల్లీలో. ఈమె టీవీలో చూసిన లోక్‌సభనే లండన్‌కి మోసుకెళ్ళింది. అక్కడి గ్యాలరీ గడప తొక్కనే లేదు.

ఒక్క మాటకే మనిషిని అనుమానించాలా? గుండె ఒప్పుకోలేదు. అద్దంలోకి చూశాడు. పుష్పావతి మణికట్టు చుట్టూ పట్టీ బిగుస్తోంది. సురేశ్ మణికట్టు మీది మచ్చ గుర్తొచ్చింది.

కారు పక్కకి తిప్పి బ్రేక్ తొక్కాడు. వెనక్కి వంగి వాచీ లాగేశాడు. డయల్ కింద నుంచి సన్నటి సూది దూసుకొచ్చి సీటులో దిగింది. గీతాంజలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళేలోపు అతని పిస్టల్ ఆమె నుదుటికి తగిలింది.

"లలిత్, నేను..."

"మాట్లాడకు." ఏడుపొస్తోంది, సిగ్గేస్తోంది.

ఇందాకట్నుంచీ వెనకే వస్తున్న పాల వ్యాన్ ఆగింది. పాలవాడి వేషంలో బైరప్ప దిగాడు. చేతిలో రివాల్వర్, గురి లలిత్ మీద. సీటులో దిగిన సూది చూశాక దించాడు.

"ఆమె మీద నీకు మనసుండాదని ఆఫీసుకంతా తెలుసప్పా. ఇద్దరూ ఒకటేనేమో అనుకుంటి. డాక్టరమ్మకి ఏమన్నా అయ్యుంటే మొదట నిన్నే కాల్చుంటి."

బైరప్ప రివాల్వర్ జేబులో పెట్టుకుని లలిత్ భుజం తట్టాడు.

"టిఫిన్ అయిందా అప్పా?"