తలస్నానానికి నీళ్లు

ఆ ఆదివారం ఉదయం కూడా అక్కచెల్లెళ్లిద్దరూ ఒకే క్షణంలో నవ్వారు, ఒకే క్షణంలో ఆపారు. కాకినాడలో ఇప్పుడందరూ అలాగే నవ్వుతున్నారు. చెవిలో గురివింద గింజంత మర్మపూస ఉంటే చాలు, ఏ దేశపు యాసైనా, వెటకారమైనా దాని లోగుట్టు రెప్పపాటులో మనసుకు అందుతుంది. "ఏమన్నాడు?" అని పక్కవాళ్లను అడిగే అవసరమే లేకుండా పోయింది.

గోడతెర మీద ఆడుతున్నది యాభై ఏళ్లనాటి బ్రిటిష్ సీరియల్. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని చూసినదే. అప్పట్లో కింద తెలుగు అక్షరాలు పడేవి గాని, అక్కడివాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అవి చెప్పేవి కావు. ఆ పని అక్క హైమవతి చేసేది. తెలిసినా తెలియకపోయినా చెప్పేది. చెల్లెలు మణిమాల నోరు తెరుచుకుని వినేది. ఎంత బాగుండేవి ఆ రోజులు! అరవై దాటినా, ఆ సీరియల్ కోసమని మణిమాల వారం వారం తుని నుంచి అక్క ఇంటికి వస్తూనే ఉంది.

తెర మీద ఒకావిడకు తమ్ముడు పోయాడని కబురొచ్చింది. పక్కింటావిడ "నీళ్లు పెడతానుండు" అంటూ వంటింట్లోకి నడిచింది.

నీళ్లు టీకి, అని చెప్పింది మర్మపూస. ఎంత కష్టమొచ్చినా వాళ్లు ముందు టీ పెడతారు, అదే ఇక్కడి హాస్యం.

మణిమాల అక్క వైపు తిరిగింది. "చావు కబురు విన్నారు కదా, తలస్నానానికి నీళ్లని చెప్పేదానివి కదూ?"

హైమవతి ముఖం చిన్నబోయింది. "అప్పుడు నిజంగా అదే అనుకున్నానే."

"మరి ఇందులోనే పెళ్లి తప్పిపోయినప్పుడు కూడా నీళ్లు పెట్టేరుగా?"

"వాళ్లకి దానిక్కూడా మైల ఉంటుందన్నాను."

"కాలేజీలో అందరికీ అదే చెప్పేను నేను!"

హైమవతి నవ్వలేదు. "ఇంక ఇంత దూరం పడి రాకే. నేను చెప్పినవన్నీ సొంత కవిత్వాలే. ఆ పూస నీ ఇంట్లోనూ చెప్తుంది."

మణిమాల వచ్చేది సీరియల్ కోసం కాదు. ఆ మాట పైకి అనడం ఆమెకు చేతకాదు. హైమవతి లేచి వెళ్లింది. వంటింట్లో గిన్నెలోకి నీళ్లు పోసిన చప్పుడైంది.

మణిమాల చెవి రిక్కించింది. "అక్కా, ఎవరు పోయేరు?"

"నా పెద్దరికం."

ముందు మణిమాలకు నవ్వొచ్చింది. కాసేపాగి వంటింట్లోంచి హైమవతి నవ్వు వినిపించింది. మరణవార్త, సంతాపం తెలపండి, అంది మర్మపూస. మణిమాల దాన్ని తీసి బల్ల మీద పెట్టేసింది.

"టీకేనా?"

"టీకే. అల్లం వెయ్యనా?"

"వెయ్యి. వచ్చే ఆదివారం పెందరాళే వస్తాను. సీరియల్లో ఆ ముసలాయన టోపీ చూసి అందరూ ఎందుకు నవ్వుతారో చెబుదువుగాని."

"నాకేం తెలుసే?"

"తెలియకపోయినా చెప్పు."