మృదుల హస్తవాసి

ఆటో మలుపు తిరిగి పోలిపేట రేవులోకి వచ్చిందో లేదో, టవరు మీద ఎర్రగా ఉన్న లైటు పచ్చగా మారింది.

“ఓలమ్మో, సూడండర్రా! పాప ఆటో దిగనైనా దిగనేదు, పచ్చలైటొచ్చీసింది!” అని కాసులమ్మ కేకేసింది.

ఇది మూడోసారి. మొదటిసారి ఆ ‘పాప’, అంటే ఇంజినీరు మృదుల, నవ్వేసింది. రెండోసారి కాస్త మురిసిపోయింది కూడా, అబద్ధమెందుకు. ఈసారి నవ్వూ రాలేదు, మురిపెమూ లేదు. కాసులమ్మ మొగుడు నూకరాజుకి ఇప్పుడు మోకాలి కింద ఎడమకాలు లేదు.

సముద్రం వేడెక్కిపోయిన ఈ రోజుల్లో, ఎండ కాస్తుండగానే తాడిచెట్టంత అల లేస్తోంది. దాన్ని పసిగట్టడానికి నీళ్ళలో నూట నలభై సెన్సర్లు వదిలారు. అవి చూసిందంతా టవరు మీది గేట్‌వేకి చెబుతాయి. గేట్‌వే అంటే బ్రహ్మవిద్యేం కాదండీ, ఇంటికి వీధిగుమ్మం లాంటిది. లోపలి మాట బయటికీ, బయటి మాట లోపలికీ దాని గుండానే పోవాలి. అది ఇంటర్నెట్ మీద కబురు పంపితే, విశాఖలో కంప్యూటర్ లెక్క కట్టి, అల రావడానికి తొమ్మిది నిమిషాల ముందు జాలర్ల ఒంటిమీది కోట్లని గడగడా వణికిస్తుంది. వెంటనే పడవ తిప్పితే రేవులో పడొచ్చు. ఇంటర్నెట్ లేకపోతే ఆ కోటు ఉత్త కోటే. అందుకే లైటు ఎర్రగా ఉంటే వేటకి వెళ్ళకూడదని రూలు.

చిక్కేమిటంటే, మృదుల ఊళ్ళో ఉన్నంతసేపూ లైటు పచ్చన, వెళ్తే ఎర్రన. రెండుసార్లు పిలిపించారు. రెండోసారి వచ్చినప్పుడు కాసులమ్మ ఇంట్లో వారం రోజులు ఉండి మరీ లైటుని కనిపెట్టి చూసింది. ఒక్కసారైనా ఎర్రబడితేనా! “పాప హస్తవాసి అలాటిది,” అన్నారు పేటవాళ్ళు. ఎనిమిదో రోజు కాసులమ్మ ఇంటికి వియ్యాలవారు వస్తున్నారు, గది కావాలి. పొద్దున్నే పెరుగన్నం పెట్టి మృదులని ఆటో ఎక్కించింది. పడవలు అప్పటికే సముద్రం మీద ఉన్నాయి. ఆటో మలుపు తిరగగానే లైటు ఎర్రబడింది. అంత దూరం నుంచి ఎవరికి కనిపిస్తుంది? ఆ మధ్యాహ్నమే అల లేచింది. కోట్లు వణకలేదు. నూకరాజు కాలు రెండు పడవల మధ్య నలిగిపోయింది.

ఇవాళ మృదుల ఆటో దిగి నేరుగా టవరెక్కి, లాప్‌టాప్ కలిపి, గేట్‌వే సెట్టింగులు తెరిచింది. ఇంటర్నెట్ ఎక్కడినుంచి తీసుకోవాలో చెప్పే చోట ఒకే పేరుంది: ‘మృదుల ఫోన్’.

ఆ పేరు పెట్టింది తనే.

ప్రారంభోత్సవం రోజు, టవరుకి ఇంటర్నెట్ ఇవ్వాల్సిన శాటిలైట్ యాక్టివేషన్ కీ రాలేదు. మంత్రిగారి ముందు ఎర్రలైటు పెట్టి నిలబడతామా? తన ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి గేట్‌వేని దానికి తగిలించింది, ఫంక్షన్ అవగానే మార్చేద్దాంలే అని. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు, మార్చడమూ హాట్‌స్పాట్ ఆపడమూ మర్చేపోయింది. మర్నాడు కీ మెయిల్లో వస్తే, లైటు ఎలాగూ పచ్చబడిందిగా అనుకుని ఊరుకుంది. అప్పటినుంచీ ఆ పేట ఇంటర్నెట్ ఆమె హ్యాండుబ్యాగులో వస్తోంది, హ్యాండుబ్యాగులో పోతోంది.

కీ కొట్టింది. శాటిలైట్ అందుకుంది. ఫోన్ ఆఫ్ చేసింది. లైటు పచ్చగానే ఉంది. మొత్తం పన్నెండు నిమిషాల పని.

దిగొచ్చి, కాసులమ్మ గుమ్మం ముందు ఉన్నదున్నట్టు చెప్పేసింది. “తప్పు నాదే కాసులమ్మగారూ. నా ఫోన్ తీసి శాటిలైట్ పెట్టాల్సింది, పెట్టలేదు. నన్ను ఏమన్నా పడతాను.”

కాసులమ్మ గభాలున ఆమె చేతులు పట్టుకుంది. “ఊరుకో పాపా! సుట్టాలొస్తన్నారని నిన్ను ఎల్లగొట్టినదాన్ని నాను. నువ్వుంటే ఆ అల ముందే తెలిసీది కాదా? నా పాపం నీ నెత్తినేసుకుంటావేటి?”

“తెలిసేదే. కానీ అది నా ఫోన్ వల్ల...”

“ఎంత మంచి పిల్లో!” అని చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

లోపల మంచం మీదున్న నూకరాజు పిలిచాడు. “ఆ ఫోను ఇలాగియ్యమ్మా.” అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదేనా?”

“ఇదేనండీ.”

“నానొక్కడినీ నమ్మీసినాను. సాలు. మా ఆడదానికి మళ్ళీ సెప్పకు. ఇప్పుడైతే తన్నే తిట్టుకుని ఏడుస్తాది, నిజం నమ్మితే నా కాలు సూసినప్పుడల్లా నిన్ను తిడతాది. ఏదైనా కాలు రాదు కదా.” ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. “ఎల్లు.”

ఆటో కదిలింది. పేట పేటంతా రోడ్డు మీదకొచ్చి టవరు వంకే చూస్తూ నిలబడింది. ఆటో మలుపు దగ్గరికొచ్చింది. మలుపు తిరిగింది. లైటు పచ్చగానే ఉంది.

“సూశారా!” కాసులమ్మ గొంతు వెనకనుంచి ఆనందంగా వినిపించింది. “నాను సేతులట్టుకున్నాను కదా, ఈసారి సెయ్యి మనకాడే ఒగ్గేసి ఎల్లింది తల్లి!”

మృదుల వెనక్కి తిరిగి చూడలేదు. ఒళ్ళో ఉన్న చేతుల్ని చూసి, చున్నీ కింద దాచుకుంది.