దీపాలు ఆర్పిన నిమిషం

ఇది చెప్పిన ప్రతిసారీ అందరూ "రాత్రిపూటా?" అని అడుగుతున్నారు. కాదు. పట్టపగలు, పదకొండు గంటలకి. లోయ, దాని అడుగున ఉన్న గుహలు చూపించి, సాయంత్రానికి తెచ్చి దింపేసే ఒకరోజు యాత్ర అది. పిల్లల నాన్నకి డ్యూటీ పడింది. నేనూ, తొమ్మిదేళ్ళ మా పెద్దదీ, ఐదేళ్ళ చిన్నాడూ వెళ్ళాం. మాతోపాటు ఇంకో ఎనిమిది మంది. తెలుగువాళ్ళం మేం ముగ్గురమే.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్నదాన్ని. నా భయాలు నావి. జనంలో తప్పిపోతే ఏం చెయ్యాలో ఇద్దరికీ బట్టీ పట్టించాను. ఉన్నచోటే నిలబడాలి. ఎవరు పిలిచినా పలకకూడదు. తెలుగులో పిలిస్తే మాత్రం అది అమ్మే, వెళ్ళిపోవచ్చు. ఇక్కడ మనింట్లో తప్ప తెలుగు ఎక్కడుంది అని నా ధీమా.

గైడు అందరికీ దీపాలున్న హెల్మెట్లూ గ్లౌజులూ తొడిగించాడు. మోకాలి లోతు నీళ్ళలో నడిచాం. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు, పైన దారమంత ఆకాశం. గుహలోకి అడుగుపెట్టాక అదీ లేదు. తడి మట్టి వాసన. దాని వెనక, ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిలాంటి ఇంకో వాసన.

నా నోరు ఆగలేదు. కాలు చూసి వెయ్యి, తల వంచు, అక్క చెయ్యి వదలకు, కన్నా ఇటు రా, నీళ్ళు తాగావా...

"అమ్మా, కాసేపు గైడుని కూడా మాట్లాడనివ్వు," అంది పెద్దది.

మూడో గుహలో గైడు అందర్నీ నేలమీద కూర్చోబెట్టాడు. వచ్చిన వాళ్ళందరికీ ఇక్కడ ఒక్క నిమిషం దీపాలు ఆర్పి చూపిస్తాడట. అసలైన చీకటి బయట ఎక్కడా దొరకదన్నాడు. నాకు ఇష్టం లేదు. కానీ వద్దని చెప్పడానికి మొహమాటం. వాళ్ళ భాష నేను మాట్లాడితే నా పిల్లలే పడీపడీ నవ్వుతారు. చెరో చేత్తో ఇద్దర్నీ పట్టుకున్నాను.

దీపాలు ఆరాయి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఎక్కడో నీటిచుక్క పడింది. మళ్ళీ పడింది. తర్వాత పడలేదు...

"కన్నా, ఇటు రా."

నా గొంతు. కానీ నేను అనలేదు. నా పెదాలు బిగించే ఉన్నాయి.

నా చేతిలోంచి గ్లౌజు తొడిగిన చిన్న చెయ్యి జారిపోయింది. "వస్తున్నా అమ్మా," అన్నాడు చిన్నాడు. నాకు దూరంగా వెళ్తూ.

కేక పెట్టాను. దీపాలు వెలిగాయి. వాడు లేడు. గోడ అడుగున ఒక సందు, పిల్లాడు పాకితే పట్టేంత. గైడు ముఖం పాలిపోయింది. ఆ సందు చివర బావిలాంటి గొయ్యి ఉందట. నడుముకి తాడు కట్టుకుని దూరబోయాడు. భుజాలు ఇరుక్కున్నాయి.

అతన్ని పక్కకి లాగి, సందులో తల పెట్టి పిలిచాను. వెనక్కి వచ్చెయ్యి నాన్నా అని.

లోపల్నుంచి వాడి గొంతు. అందులో భయం లేదు. అనుమానం ఉంది.

"నువ్వు ఏ అమ్మవి?"

"నేనేరా. మీ అమ్మని."

"తనూ అదే అంటోంది."

వాడి వెనకాల, చీకట్లో, నా గొంతు నిదానంగా చెప్పుకుపోతోంది. కాలు చూసి వెయ్యి... తల వంచు... అక్క చెయ్యి వదలకు... నీళ్ళు తాగావా...

పొద్దున్నించీ గుహలో నేనన్న మాటలే. ఒక్కటీ పొల్లుపోలేదు. నేనేం చెప్పినా అదీ చెప్పగలదు. వాడి బూట్లు రాతిమీద రాసుకుంటున్నాయి. ఒక్కో అడుగూ లోపలికి...

పెద్దది నా చెవిలో గుసగుసలాడింది. "ఇక్కడి భాషలో పిలువమ్మా. నీలా ఎవ్వరూ మాట్లాడలేరు."

ఇంట్లో వినపడకూడదని నేనే కట్టడి చేసిన భాష అది. తప్పులతడకగా, నా యాసతోనే అరిచాను. స్కూలు బస్సు వచ్చేసింది, తొందరగా రా అని.

లోపల నా గొంతు ఆగిపోయింది. ఒక క్షణం... రెండు...

చిన్నాడు కిసుక్కున నవ్వాడు. పాకుతున్న చప్పుడు. ముందు హెల్మెట్ కనపడింది, తర్వాత ముఖం. రెక్క పట్టి లాగి ఒళ్ళో వేసుకున్నాను.

గుహల్లో ప్రతిధ్వనులు మామూలేనన్నాడు గైడు. నేను నోరు తెరవకుండానే ఎలా వినపడిందని అడగాలనుకున్నాను. అతను నా వైపు చూడలేదు.

బయట ఇంకా ఎండగానే ఉంది. వ్యాను దగ్గర చిన్నాడి గ్లౌజులు తియ్యబోయాను. వదులుగా ఉన్నాయని పొద్దున గైడు మణికట్ల చుట్టూ టేపు చుట్టాడు. అది చెక్కుచెదరలేదు. కత్తెరతో కోసి, ఎడమ చేతిది లాగాను.

ఐదు గోళ్ళూ కత్తిరించి ఉన్నాయి. గుండ్రంగా, మొనలు లేకుండా, ఎంతో ఓపిగ్గా. వారం రోజులుగా నేను కత్తిరించాలనుకుంటూ మర్చిపోతున్న గోళ్ళు.

రెండో చెయ్యి చూపించమన్నాను.

"అది ఇంకా అవలేదు," అన్నాడు చిన్నాడు, చెయ్యి వెనక్కి దాచుకుంటూ.