అక్క నంబరుకు బ్లూ టిక్కులు

పరుగు!

చెప్పుల కింద కంకర జారుతోంది. శ్రీసత్య ఒక వ్యాగన్ దాటింది. రెండోది... మూడోది...

వెనక అడుగుల చప్పుడు ఆగడం లేదు.

వాడొచ్చాడు!

ఎనిమిది నెలలుగా ఈ క్షణం కోసమే బతుకుతోంది.

సాయంత్రం ఏడు దాటి ఇరవై నిమిషాలు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన వాడకం లేని వ్యాగన్లు వరసగా నిలబడి ఉన్నాయి. గోడ అవతల టిఫిన్ బండి దగ్గర జనం పునుగులు తింటూ నవ్వుకుంటున్నారు. గోడ ఇవతల ఒక పిల్ల ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరుగెడుతోంది. వాళ్ళకేం తెలుస్తుంది పాపం!

ఈ పట్టాల మీదే సత్య అక్క శ్రీవల్లి చచ్చిపోయింది.

ఆత్మహత్య అని రాసి ఫైలు మూసేశారు.

సత్య ఒక చక్రం పక్కన కూలబడింది. వెలుగు బయటికి పోకుండా చున్నీ కప్పుకుని ఫోన్ తీసింది. అక్క నంబరుకు వాట్సాప్‌లో టైప్ చేస్తోంది.

'అక్కా, వాడొచ్చాడు. ఎర్ర వ్యాగన్ వెనక దాక్కున్నాను. నీ ఫోన్ నా దగ్గరే ఉంది.'

పంపింది.

ఒక టిక్. రెండు టిక్కులు.

నీలం!

చచ్చిపోయిన అక్క చదివింది.

కారణం తెలిసి కూడా సత్య ఒళ్ళు జలదరించింది.

సందులోంచి తొంగి చూసింది. వాడు ఆగాడు. నెత్తి మీద టోపీ. మొహం కనబడడం లేదు. ఫోన్ చెవి దగ్గరే ఉంది. ఏదో విన్నాడు. తలూపాడు.

నేరుగా ఎర్ర వ్యాగన్ వైపు తిరిగాడు!

"రా... రారా..." సత్య పళ్ళు కొరుకుతోంది.

ఎర్ర వ్యాగన్ వెనక సత్య లేదు. మొబైల్ షాపు జమీర్ ఉన్నాడు. అతని స్నేహితులు ఇద్దరు ఆటో డ్రైవర్లు ఉన్నారు.

ఇంకో నలభై అడుగులు...

అక్క పోయాక ఆమె ఫోన్ సత్యే ఉంచుకుంది. స్విచ్చాఫ్ చేయడానికి చేతులు రాలేదు. ఆఫ్ చేస్తే అక్క ఇంకోసారి చచ్చిపోతుందని భయం. రోజూ చార్జింగ్ పెట్టేది. అప్పుడప్పుడూ తెరిచి ఫొటోలు చూసేది. పడుకునే ముందు తన ఫోన్ నుంచి ఆ నంబరుకు ఒక మెసేజ్.

'తిన్నావా అక్కా?'

'ఈవేళ వానొచ్చింది.'

'అమ్మ నీ పచ్చ చీర కట్టుకుంది. బాగుంది.'

పిచ్చే! కానీ ఆ పిచ్చి లేకపోతే నిద్ర పట్టేది కాదు.

నాలుగు రోజుల కిందట...

అక్క ఫోన్ బల్ల మీద ఉంది. లాక్ చేసి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

సత్య ఫోన్‌లో 'తిన్నావా అక్కా?' పక్కన టిక్కులు నీలంగా మారాయి!

సత్య పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

తెల్లారగానే పాత పోస్టాఫీసు దగ్గర జమీర్ షాపుకు వెళ్ళింది. మొబైళ్ళు బాగుచేస్తాడు. అక్కతో కలిసి చదువుకున్నవాడు. అక్క ఫోన్ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒకచోట ఆగిపోయాడు.

"దెయ్యం కాదు సత్యా. ఇటు సూడు. లింక్డ్ డివైసెస్. ఎవడో కంప్యూటర్లో మీ అక్క వాట్సాప్ తెరిసి కూకున్నాడు. ఆమెకొచ్చే ప్రతీ మెసేజూ ఆడు సదువుతన్నాడు."

"అక్క కంప్యూటర్ ముట్టుకోదు భాయ్!"

"మరి ఆధార్ ప్రింటు ఎక్కడ తీయించింది?"



గాజువాకలో వాళ్ళింటికి రెండు వీధుల అవతల నాగవంశీ నెట్ సెంటర్. పేటంతా అక్కడికే వెళ్తుంది. ఆధార్, రేషన్ కార్డు, హాల్ టికెట్... "వాట్సాప్ వెబ్ స్కాన్ చేసీండమ్మా, ఫైలు నానే తీసుకుంతాను" అంటాడు నాగవంశీ. స్కాన్ చేస్తారు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటారు. వచ్చేస్తారు. లాగౌట్ చేయాలని ఎవరికి తోస్తుంది? ఇంటి తాళంచెవి కౌంటర్ మీద మర్చిపోయి, హాయిగా ఇంటికి పోయి పడుకోవడమే అది.

అక్క డెత్ సర్టిఫికెట్ కాపీలు కూడా అక్కడే తీయించారు. సత్య ఫోన్ అతని చేతికిచ్చి, గోడవైపు తిరిగి ఏడుస్తూ నిలబడింది.

"పాపం, మంచి పిల్ల" అన్నాడు నాగవంశీ. డబ్బులు కూడా పుచ్చుకోలేదు!

బతికున్నన్నాళ్ళూ అక్కను ఒక గొంతు వెంటాడింది. రోజుకో నంబరు. పొద్దున చెల్లెలికి ఏం రాసిందో సాయంత్రానికి ఆ గొంతు వల్లించేది. నాతో వచ్చేయ్ అనేది. లేకపోతే నీ ఫొటోలు ఊరంతా చూస్తారు అనేది. "నా బుర్రలోకి ఎవడో దూరిపోనాడే" అని అక్క ఏడ్చేది. ఆఖరికి ఎవరికీ చెప్పకుండా కంచరపాలెంలో గది తీసుకుంది. అడ్రసు సత్య ఒక్కదానికే పెట్టింది.

వాట్సాప్‌లో.

నాలుగో రోజున పట్టాల మీద దొరికింది.

అడ్రసు తన నోటి నుంచే ఎక్కడో జారిందని ఎనిమిది నెలలు సత్య తనను తాను తిట్టుకుంది. అమ్మ కళ్ళలోకి సూటిగా చూడలేకపోయింది.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ఒకాయన ఆవలించాడు. "కంప్యూటర్లో వాట్సాప్ ఉంటే మర్డర్ చేసేసినట్టేటమ్మా? సాక్ష్యం తే."

సరే. తెస్తుంది!

నిన్న రాత్రి అక్క నంబరుకు ఎర వేసింది. 'అక్కా, నీ ఫోన్‌లో వాడి గొంతు రికార్డయి ఉంది. రేపు ఏడింటికి నువ్వు పోయిన చోట దీపం పెట్టి, అట్నుంచటే స్టేషన్‌లో ఇచ్చేస్తాను.'

రికార్డింగు లేదు, గాడిద గుడ్డూ లేదు. ఆ సంగతి జమీర్‌కు కూడా చెప్పలేదు. మిగతాదంతా జమీర్‌తో వాట్సాప్‌లో పూసగుచ్చినట్టు మాట్లాడుకుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో. వాణ్ణి ఏ వ్యాగన్ దగ్గరికి రప్పించాలో. అక్క ఫోన్ అసలు ఎక్కడుందో.

ఇంట్లో. అమ్మ బీరువాలో.

ఇంకో ఇరవై అడుగులు...

సత్య చేతిలో ఫోన్ వణికింది. అమ్మ. పేరు భ్రమరాంబ. పెద్దకూతురు పోయినప్పటి నుంచీ చీకటి పడితే దడ.

'ఎక్కడున్నావమ్మా'

'వచ్చేస్తున్నాను. తలుపేసుకో' అని కొట్టింది సత్య.

అమ్మ గురించి బెంగ లేదు. అమ్మకు ఒక రూలు పెట్టింది. ఎవరొచ్చి పిలిచినా తీయకూడదు. చుట్టాలైనా, పోలీసులైనా సరే! రోజూ పని నుంచి వచ్చాక సత్య వాకిట్లో నిలబడి ఒక మెసేజ్ పెడుతుంది. కాఫీ పెట్టు అని. ఆ మాట వస్తేనే గడియ తీయాలి. ఎనిమిది నెలల్లో అమ్మ ఒక్కరోజు కూడా తప్పలేదు.

పది అడుగులు...

అయిదు...

"పట్టుకోండ్రా!"

జమీర్ కేక! దబ్బుమని చప్పుడు. కంకర చెల్లాచెదురైంది. సత్య చక్రం పక్కనుంచి లేచి పరుగెత్తింది. ఏడుస్తోంది. నవ్వుతోంది. ఏదో తనకే తెలియడం లేదు.

"అక్కా... దొరికాడే!"

ఇద్దరు వాడి చేతులు విరిచి పట్టుకున్నారు. జమీర్ టోపీ లాగి పారేశాడు. మొహం మీద టార్చి కొట్టాడు.

సత్య ఆగిపోయింది.

నాగవంశీ కాదు.

నెరిసిన గడ్డం. సారా వాసన. యాభై దాటిన మనిషి. అబ్బులు! గాజువాక సెంటర్లో మూటలు మోస్తాడు. సాయంత్రమైతే నెట్ సెంటర్ అరుగు మీద పడి ఉంటాడు.

"నువ్వేటి ఇక్కడ?" జమీర్ వాడి కాలర్ పట్టుకుని ఊపేశాడు.

"కొట్టకండి బాబూ! నాకేటీ తెల్దు! వంశీబాబు పంపినాడు!"

"ఏటని పంపినాడు?"

"పిల్లెనకాల పరిగెట్టు అన్నాడు. ఫోన్లో నాను సెప్పినట్టల్లా తిరుగు అన్నాడు." అబ్బులు ఏడుపు మొదలెట్టాడు. "ఆకర్న ఎర్ర పెట్టి కాడికెల్లి దొరికిపో అన్నాడు బాబూ! దొరికిపోతే సాలన్నాడు!"

దొరికిపోతే చాలు.

టార్చి వెలుగులో జమీర్ మొహం పాలిపోయింది.

"అరె... మనం ఇక్కడుంతామని ఆడికెలా తెలిసింది?"

"నేను అక్కకు అది రాయలేదు భాయ్. ఎర్ర వ్యాగన్ అని ఇప్పుడే రాశాను. మీరున్నారని రాయలేదు!"

"మరెవరికి రాసినావ్?"

"నీకొక్కడికే!"



"సత్యా..." జమీర్ టార్చి ఆమె చేతి వైపు తిప్పాడు. "మీ అక్క ఫోన్ కాదు. నీది... నీ ఫోన్ సూడు!"

సెట్టింగ్స్.

లింక్డ్ డివైసెస్.

విండోస్. యాక్టివ్ నౌ.

డెత్ సర్టిఫికెట్! గోడవైపు తిరిగి ఏడ్చిన ఆ అయిదు నిమిషాలు!

అయితే వాడు అన్నీ చదివాడు. జమీర్‌కు రాసింది చదివాడు. బీరువా సంగతి చదివాడు. రోజూ సాయంత్రం అమ్మకు పెట్టే మెసేజ్...

"వాడెక్కడున్నాడు?" అబ్బులు మీద పడి రక్కేసింది. "చెప్పు! నాగవంశీ ఎక్కడున్నాడు?"

"తెల్దు తల్లీ! సందాలే షాపు మూసీసినాడు. లాప్‌టాప్ సంకనెట్టుకుని ఎల్లిపోనాడు..."

ఫోన్ స్క్రీన్ మీద చాట్ల వరస కదిలింది.

అన్నిటికన్నా పైకి అమ్మ పేరు వచ్చింది.

సత్య పేరుతోనే. సత్య రాయని మెసేజ్.

'అమ్మా, వచ్చేశాను. కాఫీ పెట్టు.'

రెండు టిక్కులు.

నీలం!

"అమ్మా!"

కాల్ నొక్కింది. రింగవుతోంది. గాజువాక ఇక్కడికి గంట దూరం. రింగవుతోంది... అమ్మ తీయడం లేదు. జమీర్ ఆటో వైపు పరుగెత్తుతున్నాడు. మళ్ళీ నొక్కింది. రింగవుతోంది...

ఆగింది.

ఒక వాయిస్ మెసేజ్. నాలుగు సెకన్లు. అమ్మకు టైప్ చేసే ఓపిక లేనప్పుడు పెట్టేది అదే.

సత్య నొక్కింది.

"తీత్తన్నానమ్మా, తీత్తన్నాను... ఏటా కంగారు! అంత గట్టిగా కొట్టకు."