నాలుగు గంటలు పడుకోవద్దు

ఆ సూది వేసింది డాక్టరు గారు కాదు, భానుశ్రీ. ఈ ముక్క ఆమె ఇంతవరకూ ఎవరి దగ్గరా అనలేదు. తలుపు గడియ వేసుకుని ఒక్కతే ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు.

విజయవాడలో ఒక సందు చివర, మందుల షాపు మేడమీద ఉంది ఆ చర్మం క్లినిక్కు. డాక్టర్ వెంకటకృష్ణారావు గారు గురువారాలు మాత్రమే వస్తారు. మిగతా రోజులు తాళాలు భానుశ్రీవే. ఇంటర్ తప్పాక ఫేషియళ్లు, ఆ తర్వాత లేజర్ మిషను, అన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. ముఖం మీద ముడతలు పోయే సూదీ అంతే. డాక్టరు గారి చెయ్యి చూసింది, ఫోన్లో వీడియోలు చూసింది, ఇంతేనా అనుకుంది.

ఒక మంగళవారం తెరేసమ్మ వచ్చింది. కంకిపాడులో చేపలమ్మే మనిషి. యాభై దాటి ఉంటాయి.

"చేపలమ్ముకునేదానికి సోకులేంటి అనుకుంటన్నారేమో డాక్టరమ్మా," అంది నవ్వుతూ. "ఈ కనుబొమ్మల మధ్య రెండు గీతలు చూడండి. నేను ఊరికే చూసినా తిడతన్నట్టే ఉంటదంట. బేరానికొచ్చినోళ్లు నా మొహం చూసి పక్క గంపకాడికి పోతన్నారు. మావోడికి చెప్పకండేం, నవ్వుతాడు."

డాక్టరమ్మా అంది. భానుశ్రీ కాదనలేదు. ఆ పిలుపు ఎంత తియ్యగా ఉందో!

గురువారం కలిపిన మందు అడుగున కాస్త మిగిలి ఫ్రిజ్‌లో ఉంది. అదే ఎక్కించింది. కనుబొమ్మకి మరీ దగ్గరగా వేసింది. వారం తిరిగేసరికి తెరేసమ్మ కుడి రెప్ప కిందకి వాలిపోయింది. కన్ను నలతగా ఉందని కొడుక్కి చెప్పి, నల్లద్దాలు పెట్టుకుని తిరిగింది. సూది వేసిన పన్నెండు రోజులకి, ఆదివారం, క్లినిక్కు మెట్లెక్కి వచ్చింది.

"ఈ పక్క ఏమీ కనపడట్లేదు డాక్టరమ్మా."

డాక్టరు గారికి ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చేస్తే ఉద్యోగం పోతుంది. "కంగారేం లేదండీ, రెండో వైపు కూడా వేస్తే సమానంగా వచ్చేస్తుంది," అని ఇంకో రెండు పోట్లు పొడిచింది. పొడిచి, డాక్టరు గారి గొంతుతోనే జాగ్రత్తలు చెప్పింది. "నాలుగు గంటలు పడుకోవద్దు. మొహం రుద్దొద్దు. ఇవి పాటిస్తేనే మందు బాగా పనిచేస్తుంది. మళ్లీ రెండు వారాలకి, ఆదివారమే రండి. తేడా ఉంటే సరిచేస్తాను."

"మీరెట్టా చెపితే అట్టానే," అని తెరేసమ్మ స్కూటీ ఎక్కింది. అరగంటకి, పెనమలూరు దాటాక, కాలవ పక్కన, కుడివైపు నుంచి రోడ్డెక్కుతున్న ట్రాక్టరు ఆమెకి కనపడలేదు.

తెరేసమ్మని సమాధి చేసేటప్పుడు భానుశ్రీ వెళ్లి అందరికంటే వెనక నిలబడింది. తెరేసమ్మ కొడుకు బెన్నీకి ఆటోనగర్‌లో మెకానిక్ పని. ముందురోజే తల్లి బండికి బ్రేకులు బిగించాడట. వాళ్ల మేనమామ బాలశౌరి అందరి ముందే అన్నాడు: "ఊళ్లో బళ్లన్నీ బాగుచేస్తావు కదరా. మీయమ్మ బండికి బ్రేకు బిగించడం చేతకాలేదా?"

ఆ తర్వాత బెన్నీ రెంచీ ముట్టుకోలేదని, రాత్రుళ్లు ఇంటి ముందు ఆ బండి పక్కనే కూర్చుని ఉంటున్నాడని భానుశ్రీ విన్నది. బ్రేకులకి ఏమీ కాలేదని తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతీ నోరు మూసుకుంది.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం సెలవైనా, ప్రతివారం లాగే ఫ్రిజ్ కడుగుదామని క్లినిక్కుకి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి గది నల్లబడింది. కిటికీ రేకు మీద చినుకులు టపటపమన్నాయి. కరెంటు పోయింది. ఇన్వర్టరు ఒకసారి మూలిగి అదీ ఊరుకుంది. అప్పుడు తగిలింది వాసన. ముందు స్పిరిట్ వాసనే అనుకుంది. కాదు. నీచు. కరిగిన ఐసు. కాలవ బురద.

మెట్ల మీద తడి చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ... ఆగుతూ...

తలుపు గడియ వేసే ఉంది. చప్పుడు మాత్రం గదిలోకి వచ్చేసింది.

"డాక్టరమ్మా..."

భానుశ్రీ ఫోన్ లైటు వేసింది. గోడకి వీపు ఆనించి, నిటారుగా, తెరేసమ్మ.

"ఇయ్యాలే రమ్మన్నారుగా."

"కూ... కూర్చోండి," అంది భానుశ్రీ. అలవాటుగా వచ్చేసింది మాట.

"వద్దమ్మా. పడుకోవద్దన్నారుగా నాలుగు గంటలు." గొంతు గుసగుసగానే ఉంది. "ఆళ్లు పడుకోబెట్టేశారు డాక్టరమ్మా. ముందు ఆస్పత్రిలో ఇనపబల్ల మీద. తర్వాత పెట్టెలో. వద్దు, వద్దు అంటానే ఉన్నా... మూతేసేశారు."

ఆ ముఖంలో ఒక్క కండా కదల్లేదు. నుదురు మైనం పోసినట్టు నున్నగా ఉంది. కనుబొమ్మల మధ్య మాత్రం ఆ రెండు గీతలు కత్తితో కోసినట్టు లోతుగా...

"మందు పనిచెయ్యలేదు. చూడండి. ఇంకా కోపంగానే ఉన్నాగా?"

భానుశ్రీ వెనక్కి జరిగింది. మోకాళ్ల వెనక కుర్చీ తగిలింది. పేషెంట్ల కుర్చీ. కూర్చుండిపోయింది.

"తెరేసమ్మ గారూ... తప్పైపోయింది..."

"కదలకండి."

మంచుగడ్డ లాంటి వేళ్లు గడ్డం పట్టుకున్నాయి. ఫోన్ కిందపడింది. చీకటి. చీకట్లో ట్రే మీద సిరంజి దొర్లిన చప్పుడు.

"మీకు... మీకు రాదు..." అంది భానుశ్రీ.

"చూసి నేర్చుకున్నాను," అంది తెరేసమ్మ. "మీరూ అంతేగా."

పోటు. కుడి కనుబొమ్మ పైన. ఎముక దాకా చలి. చెవి దగ్గర నీచు వాసన వచ్చింది, చివరి మాట వచ్చింది: "మా బెన్నీగాడు నిద్రపోవట్లేదు. ఆడు పడుకునేదాకా... మీరూ పడుకోవద్దు."

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. గదిలో ఎవరూ లేరు. గోడ మీద మనిషి ఎత్తున తడి మరక ఉంది. లోపల గడియ వేసింది వేసినట్టే ఉంది.

అద్దంలో చూసుకుంది. కుడి రెప్ప పూర్తిగా వాలిపోయి ఉంది. వేలితో ఎత్తితే లేస్తోంది, వదిలితే పడిపోతోంది.

ఇంకా వర్షం పడుతోంది. భానుశ్రీ కింద పడ్డ ఫోన్ తీసింది. సూదికి ముందూ తర్వాతా పేషెంట్ల ఫొటోలు తీసేది ఆ ఫోన్‌తోనే. తెరిచి ఉన్నది తెరేసమ్మ ఫోల్డరే. మొదటి ఫొటోలో తెరేసమ్మ సిగ్గుగా నవ్వుతోంది. దాని పక్కన ఇంకొకటి ఉంది. భానుశ్రీ తీసింది కాదు.

అందులో ఉన్నది భానుశ్రీయే. ఇనపబల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు రెప్పలూ వాలిపోయి ఉన్నాయి. నుదుటి మీద ఒక్క గీత లేదు.

ఫొటో మూలన ఉన్న తేదీ చూసింది. మళ్లీ చూసింది. నేటికి సరిగ్గా రెండు వారాలకి వచ్చే ఆదివారం.

బీరువాలోంచి తెరేసమ్మ ఫారం తీసింది. అడుగున, అవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట, వంకర అక్షరాలతో బెన్నీ పేరు, పక్కన నంబరు. ఒంటి కన్నుతో అంకెలు కూడబలుక్కుని చదివింది. మొదట చెప్పాల్సిన మాట, ఎన్నడూ పైకి అననిది, ఖాళీ గదిలో ఒకసారి అని చూసుకుంది.

"సూది వేసింది నేనే."

గోడ మీద తడి మరక కుర్చీ వైపు ఒక అడుగు జరిగి ఉంది.

ఇక బెన్నీకి ఫోను చెయ్యాల్సిందే అనుకుంది.