చిటికెన వేలు లేని చెయ్యి

సూర్యాపేట దవాఖానలో కట్లు కట్టే మత్తయ్యది మంచి హస్తవాసి అని పేరు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అక్కడికి పెన్సిలిన్ సీసాలు వచ్చాయి. చీము పట్టిన కాళ్లు వారంలో ఎండిపోతుంటే చూసి, అతను గుడ్డలు మరగబెట్టడం మానేశాడు. ఒక సీసాను ముగ్గురికి పంచి, పుణ్యమనుకున్నాడు.

"మత్తన్నా, మంచం మంచానికి జర చేతులు కడుక్కో," అనేది నర్సు సుగుణమ్మ.

"గింత మంచి మందు ఉన్నంక నీళ్లెందుకు చెల్లే? పొయ్యిల కట్టెలు దండుగ!"

మూడో మంచం మీద మిర్యాలగూడ లచ్చయ్య. కుడిచేతి చిటికెన వేలు ఎప్పుడో గానుగలో పోయింది. తొడ మీది గడ్డ మూడోవంతు మందుకు తగ్గింది. మళ్లీ లేచింది. ఈసారి నిండు సీసాల మందు సూదితో పొడిచినా లొంగలేదు. పోయేముందు ఆ చేత్తోనే మత్తయ్య మణికట్టు పట్టుకున్నాడు.

"నన్ను గీడ ఇడిసిపెట్టకు. నీ ఎంబడి తీస్కపో."

అతన్ని పాతిపెట్టి రెండు రోజులైంది. అయిదో మంచం మీద మత్తయ్య ఒక్కగానొక్క కూతురు శాంతకుమారి. మడమలో ముల్లు విరిగింది. కట్టు తండ్రే కట్టాడు. నిన్న నవ్వింది. ఇవాళ ఒళ్లు కాలిపోతోంది.

ముసురు. దీపాలు పెట్టే వేళ. మత్తయ్యకు లచ్చయ్య పుండు వాసన తగిలింది... కుళ్లిన తాటిపండు వాసన. మూడో మంచం దగ్గర వెతికాడు. లేదు. నాలుగో మంచం దగ్గరా లేదు. అది తన వెనకే వస్తోంది... తను ఆగితే ఆగుతోంది.

"నాయినా..." కూతురు గుసగుసలాడింది. "నీ బుజం మీద చెయ్యి ఎవరిది?"

మత్తయ్య వెనక్కి చూడలేదు. పొయ్యి దగ్గరికి ఉరికాడు. కాగే నీళ్లలో, తోలు ఊడేదాకా చేతులు తోమాడు. సుగుణమ్మ దుప్పటి, గుడ్డలు మరగబెట్టి పొయ్యి సెగకు ఆరబెట్టింది. అతన్ని ముట్టనివ్వక తనే పక్క మార్చింది, తనే కట్టు కట్టింది. నిండు సీసా మందు పొడిచింది. మూడు గంటలకొకటి... మళ్లీ... మళ్లీ...

"మందుకు ఇంటలేదు మత్తన్నా."

"ఇంతకుముందు ఇన్నది గదా!"

"మూడోవంతు మందుకు చీము మొండికెక్కింది," అంటూ సుగుణమ్మ లచ్చయ్య మంచం వైపు చూసింది.

తెల్లారేసరికి శాంతకుమారి ఒళ్లు చల్లబడింది. జ్వరం దిగి కాదు.

మత్తయ్య దుప్పటి తొలగించబోయి ఆగిపోయాడు. తెల్లటి అంచు మీద పచ్చటి చీము ముద్ర. బొటనవేలు... మూడు వేళ్లు... చిటికెన వేలి చోటు ఖాళీ.

ముద్ర ఇంకా తడిగానే ఉంది. వేళ్ల కొసలు ఆరో మంచం వైపు తిరిగి ఉన్నాయి.